3.1 కిలోమీటర్ల ఎత్తులో ఏముంది? వాతావరణ శాస్త్రం చదువు లోపలి సంగతి

"పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో సముద్రమట్టానికి 3.1 నుంచి 5.8 కిలోమీటర్ల ఎత్తు మధ్య ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది." ఈ మాట వినని తెలుగువాళ్లు ఉండరు. జూన్ నుంచి డిసెంబరు దాకా టీవీలో, పేపర్లో, వాట్సాప్‌లో ఇదే. విని విని అలవాటైపోయి, ఇందులో ఒక వింత ఉందని గమనించం. 3.1 ఏమిటి? 3 అనొచ్చు కదా! 5.8 ఏమిటి? 6 అంటే ఏం పోయింది?

జవాబు చిన్నదే. గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు మీటరు మీద 10 టన్నుల పైచిలుకు గాలి ఉంటుంది. దాన్నే 1013 హెక్టాపాస్కళ్ల పీడనం అంటాం. పైకి వెళ్లేకొద్దీ నెత్తిమీద మిగిలే గాలి తగ్గుతుంది కాబట్టి పీడనమూ తగ్గుతుంది. పై గాలుల పటాలను ఎత్తును బట్టి కాకుండా ఈ పీడనాన్ని బట్టే గీస్తారు: 850, 700, 500, 200 అని. మన ప్రాంతంలో 850 తగిలేది సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తున, 700 తగిలేది 3.1 దగ్గర, 500 తగిలేది 5.8 దగ్గర. అంటే ఆ బులెటిన్ రాసిన ఆఫీసరు 700 పటంలోనూ, 500 పటంలోనూ గాలి గుండ్రంగా తిరగడం చూశారు. హెక్టాపాస్కల్ అంటే జనానికి తెలియదు గనక కిలోమీటర్లలోకి మార్చి చెప్పారు. 5.8 కిలోమీటర్ల ఎత్తున నిలబడగలిగితే, ఈ భూమ్మీది గాలిలో సగం మన కాళ్ల కిందే ఉన్నట్టు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. 'ఉపరితలం' అంటే తెలుగులో పైభాగం, నేల ముఖం. ఈ ఆవర్తనమేమో నేలమీద కాదు, మూడు నుంచి ఆరు కిలోమీటర్ల పైన ఉంది. 'అప్పర్ ఎయిర్' అన్న మాటకు ఎప్పుడో ఎవరో పెట్టిన అనువాదం అలాగే నిలిచిపోయింది. 'పై గాలుల్లో సుడి' అని ఉంటే ఎంతమందికి సులభంగా అర్థమయ్యేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను విశాఖపట్నంలో మెటియరాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఇంటర్ ఎంపీసీ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ ఫోన్ చేసి అడుగుతుంటారు: "అందులో ఏం నేర్పుతారండీ? వాన ఎప్పుడొస్తుందో చెప్పడమేనా? మరి పొల్యూషన్ కూడా ఎందుకు కలిపారు?" చివరి ప్రశ్నే నాకు ఎక్కువ ఇష్టం. వాన, పొగ రెండూ ఒకే డిపార్ట్‌మెంట్లో ఎందుకున్నాయో తెలిస్తే ఈ చదువు మొత్తం తెలిసినట్టే. రెండింటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న: నేల దగ్గరి గాలి పైకి లేస్తుందా, లేవదా?

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. తెలుగులో వాతావరణం అనే ఒక్క మాటతో మూడు పనులు చేయించుకుంటాం. భూమిని చుట్టుకున్న గాలి పొర వాతావరణం. ఇవాళ మబ్బు పట్టింది, రేపు ఎండ కాస్తుంది అనేదీ వాతావరణమే. ముప్పై ఏళ్ల సగటున మే నెల ఎలా ఉంటుంది అనేదాన్ని శీతోష్ణస్థితి అనాలి కానీ దాన్నీ చాలాసార్లు వాతావరణమనే అంటాం. మన రైతులకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో దాన్ని బట్టి లెక్కిస్తారు గనక ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు, మృగశిరలో తొలకరి. అది శీతోష్ణస్థితి లెక్క. ఈ ఏడు మృగశిరలో నా చేలో చినుకు పడుతుందా అనేదానికి కార్తె జవాబు చెప్పలేదు. దానికి రోజువారీ కొలతలు కావాలి.

ఆ కొలతల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బెలూన్. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ వంటి కేంద్రాల నుంచి, దేశమంతటా, ప్రపంచమంతటా ఒకే వేళకు బెలూన్లు లేస్తాయి. మన టైములో పొద్దున 5:30, సాయంత్రం 5:30 లెక్కలు అవి. బెలూన్ కింద చిన్న పెట్టె వేలాడుతుంది. దాని పేరు రేడియోసాండ్. నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కుతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియోలో కిందికి పంపుతుంది. పైకి పోయేకొద్దీ బెలూన్ ఉబ్బి, 30 కిలోమీటర్ల అటూ ఇటూ పగిలిపోతుంది.

ఆ అంకెలతో ఏం చేస్తారు? ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. టీ-ఫై-గ్రామ్ అని ఒక పటం ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు తల తిరుగుతుంది. ఏటవాలు గీతలు, వంకర గీతలు, ఒకదాని మీద ఒకటి. పెన్సిల్ బాగా చెక్కుకుని, ఒక్కో పీడనం దగ్గర ఉష్ణోగ్రతకు ఒక చుక్క, మంచుబిందు ఉష్ణోగ్రతకు (ఎంత చల్లబడితే గాలిలోని ఆవిరి నీరవుతుందో ఆ అంకెకు) ఒక చుక్క పెట్టి కలపాలి. అలా వచ్చే రెండు గీతలే ఆ రోజు మన ఊరి మీది గాలి నిలువు చిత్రం. అవి దగ్గరగా వచ్చిన చోట గాలి తడిగా ఉన్నట్టు, దూరం జరిగిన చోట పొడిగా ఉన్నట్టు. ఇప్పుడు కంప్యూటర్ సెకనులో గీసి పెడుతుంది. అయినా చేత్తో ఓ ఇరవై గీయనివాళ్లకు ఈ పటం మాట్లాడదని నా నమ్మకం.

ఇప్పుడు నేల దగ్గర నుంచి కొంచెం గాలిని మూటకట్టి పైకి పంపినట్టు ఊహించండి. క్లాసులో దాన్ని పార్సెల్ అంటాం. మే నెల, కోస్తా ఊరు, మధ్యాహ్నం. పార్సెల్ వేడి 34 డిగ్రీలు, మంచుబిందువు 26 డిగ్రీలు అనుకుందాం. పైకి వెళ్తే చుట్టూ పీడనం తక్కువ కాబట్టి పార్సెల్ వ్యాకోచిస్తుంది, వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. ఆ చల్లబడే రేటు కిలోమీటరుకు 9.8 డిగ్రీలు. కిలోమీటరు ఎక్కేసరికి 24 దగ్గరకు వస్తుంది. పైకి పోయేకొద్దీ మంచుబిందువు కూడా కొంచెం దిగుతుంది కాబట్టి రెండూ అక్కడే కలుస్తాయి. అక్కడ ఆవిరి ఇక ఆవిరిగా ఉండలేదు, నీటి చుక్కలవుతుంది. మబ్బు అడుగుభాగం బల్లలా చదునుగా ఎందుకుంటుందో గమనించారా? ఆ ఎత్తు దాటిన ప్రతి పార్సెల్‌కూ అక్కడే ఆవిరి నీరవుతుంది గనక.

ఆ తర్వాత కథ మారిపోతుంది. ఆవిరి నీరైనప్పుడు, దాన్ని ఆవిరి చేయడానికి సముద్రం మీద ఎండ పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుంది. కిలో నీటికి 25 లక్షల జౌళ్లు. ఎంతో తెలియాలంటే ఇలా చూడండి: ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది లక్ష టన్నుల నీళ్లు. ఆ నీరు మబ్బులో ఏర్పడేటప్పుడు విడుదలైన వేడి దాదాపు 7 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానం. ఆ వేడి పార్సెల్‌కే దక్కుతుంది కాబట్టి అది ఇక నెమ్మదిగా, కిలోమీటరుకు నాలుగైదు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. 3.1 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి పార్సెల్ 15 డిగ్రీలు, చుట్టూ గాలి 11 డిగ్రీలు అనుకోండి. చుట్టుపక్కల కన్నా వెచ్చన అంటే తేలిక. ఇక దాన్ని ఎవరూ నెట్టక్కర్లేదు, తనే లేస్తుంది. అదే క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బు, ఉరుములు, పిడుగులు. బులెటిన్‌లో 3.1 దగ్గర గాలి ఎలా ఉందో అంత పట్టుగా ఎందుకు చెబుతారో ఇప్పుడు తెలిసింది కదా.

మరి అంత ఉక్కపోతలో సాయంత్రం దాకా ఒక్క మబ్బూ లేవని రోజులెందుకు ఉంటాయి? ఏప్రిల్, మే నెలల్లో సముద్రం నుంచి వచ్చే తడి గాలి కింద పలచని పొరలా ఉంటుంది. దాని పైన వాయవ్యం నుంచి వచ్చే వేడి, పొడి గాలి మూతలా కూర్చుంటుంది. పార్సెల్ లేస్తుంది, మూత తగులుతుంది, తిరిగి దిగుతుంది. మనకు చెమటలు. ఎండ ఇంకా పెరిగో, ద్రోణి ఒకటి వచ్చి కింది నుంచి ఎత్తో ఆ మూత చీలిందంటే, అప్పటిదాకా పోగైన శక్తంతా అరగంటలో బయటపడుతుంది. ఈదురుగాలులు, వడగళ్లు, నేలరాలిన మామిడికాయలు. పొద్దున టీ-ఫై-గ్రామ్‌లో ఆ మూత ఎంత గట్టిదో, చీలితే ఎంత శక్తి ఉందో కొలవొచ్చు. చీలుతుందా, ఎన్నింటికి, ఏ మండలంలో అనేది కష్టం.

నిలువు సంగతి ఇది. అడ్డం సంగతి డైనమిక్స్ అనే పేపర్లో చెబుతారు. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి సూటిగా పోవాలి కదా, మరి సుడులెందుకు తిరుగుతుంది? భూమి తిరుగుతోంది గనక. మన ఉత్తరార్ధంలో కదిలే గాలి కుడివైపు ఒరుగుతుంది, అల్పపీడనం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గర ఈ ప్రభావం ఉండదు, అందుకే అక్కడ తుపాన్లు దాదాపు పుట్టవు. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతివైపు ఉంటుంది. సముద్రంలోకి వెళ్లేవాళ్లకు ఎప్పటి నుంచో అక్కరకొస్తున్న సూత్రమిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. తుపాను కన్ను సరిగ్గా ఊరి మీదుగా వెళ్తే కాసేపు గాలి ఆగిపోతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో 'తగ్గిపోయిందిలే' అని బయటికి వచ్చేవాళ్లకే ప్రమాదం. డైనమిక్స్ క్లాసులో సమీకరణాలు రాసేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ మధ్య గంటే గుర్తొచ్చేది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారు. ఆ తర్వాతి తరాలు ఈ సబ్జెక్టులో చేసిన పని విలువ ఏమిటో తెలియాలంటే తూర్పు తీరంలో ఇటీవలి తుపాన్లలో పోయిన ప్రాణాల లెక్కతో పోల్చి చూడండి. తుపాను బలం తగ్గలేదు. ముందే తెలుస్తోంది, ముందే ఊళ్లు ఖాళీ అవుతున్నాయి.

ముందే ఎలా తెలుస్తుంది? గాలి సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించి. ఈ ఆలోచనను కంప్యూటర్లు లేని కాలంలోనే లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త చేత్తో చేసి చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ విభాగంలో పనిచేస్తూనే 1910 మే 20 నాటి గాలి లెక్క వేశాడు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టాపాస్కళ్లు మారుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలనే లేదు. ఎంత పెద్ద తప్పో చెప్పాలంటే, భీకర తుపాను నడిమధ్యలో కూడా పీడనం అంత పడిపోవడం అసాధారణం. అయినా ఆయన 1922లో ఆ లెక్కను దాచకుండా అచ్చు వేయించాడు. పద్ధతి సరైనదే, మొదటి కొలతల్లో ఉన్న చిన్న అసమతుల్యం లెక్కను పాడుచేసిందని తర్వాత తేలింది. ఒక తప్పు జవాబును అంత నిజాయితీగా అచ్చువేయడం నాకు ఈ శాస్త్రం మీద గౌరవం పెంచిన సంగతి.

ఇప్పుడు గాలిని గడులుగా కోసి, గడి గడికీ లెక్క వేస్తారు. మన దేశంలో ప్రపంచమంతటికీ వేసే మోడల్ గడి పరిమాణం 12 కిలోమీటర్లుండేది, 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్లకు వచ్చింది. మంచి ముందడుగే. కానీ ఒక ఉరుముల మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే. గడి కన్నా చిన్నదాన్ని నేరుగా చూపలేం, దాని ప్రభావాన్ని అంచనా సూత్రాలతో కలపాలి. ఎమ్మెస్సీ రెండో ఏడాది ప్రాజెక్టుల్లో సగం దీని చుట్టే తిరుగుతాయి. ఏ సూత్రం పెడితే మన తీరంలో వాన నిజానికి దగ్గరగా వస్తుందని.

పైగా ఇంకో పరిమితి ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త తన కంప్యూటర్ లెక్కను మధ్యలో నుంచి మళ్లీ నడపడానికి 0.506127కు బదులు 0.506 అని కొట్టాడు. కొద్దిసేపు పాత లెక్కలాగే నడిచి, ఆ తర్వాత పూర్తిగా వేరే దారి పట్టింది. సుమారు నాలుగు వేలలో ఒక వంతు తేడా రెండు వేర్వేరు ఆకాశాలను తయారుచేసింది. మన థర్మామీటర్లకు అంత కచ్చితత్వం ఎక్కడిది? అందుకే ఇప్పుడు ఒక్క లెక్క వేయరు. మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి పదులసార్లు వేస్తారు. అన్నీ ఒకే మాట చెబితే ధైర్యంగా చెబుతారు, విడిపోతే ఆచితూచి చెబుతారు. తుపాను దారి పటంలో గీత ముందుకు పోయేకొద్దీ గరాటాలా విప్పారడం ఇందుకే.

బులెటిన్ మాటలు కూడా ఊరికే వాడినవి కావు. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. 'కొన్ని చోట్ల' అంటే సగం లోపు. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు తాకాలి, 'అతి భారీ' 115.6 నుంచి, 'అత్యంత భారీ' 204.4 దాటితే. ఆ 24 గంటలు పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. వాయుగుండం తుపాను కావాలంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకోవాలి. 'మా వీధిలో చినుకు పడలేదు, అంచనా తప్పింది' అని టెన్షన్ పడేవాళ్లు ఒకసారి 'ఒకటి రెండు చోట్ల' అన్నారో లేదో చూసుకోవాలి. అలాగని అధికారుల తప్పేం లేదనను. ఈ కొలమానాలు జనానికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పకపోతే, సరైన అంచనా కూడా తప్పుగానే వినిపిస్తుంది.

ఇక పొగ సంగతి. వాన కోసం గాలి లేవాలి అనుకున్నాం. పొగ పోవాలన్నా గాలి లేవాలి. పగలు నేల వేడెక్కి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా గాలి కలగలుస్తుంది. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, పైన వెచ్చని గాలి మూత పడుతుంది. అప్పుడు కలిసే లోతు ఒకటి రెండు వందల మీటర్లకు దిగిపోతుంది. అదే లారీలు, అవే పొగగొట్టాలు, కానీ కలుపుకోవడానికి దొరికే గాలి పదో వంతు. ఢిల్లీలో శీతాకాలపు కష్టానికి ఈ మూత ఒక పెద్ద కారణం. పొగ ఎంత వదిలారన్నది సగం ప్రశ్న, ఏ గాలిలోకి వదిలారన్నది మిగతా సగం.

విశాఖలో దీనికి కొండలు తోడయ్యాయి. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పోర్టు, పరిశ్రమలు, జనం. గిన్నెలాంటి ఊరు. పగలు సముద్రపు గాలి ఊరి మీదుగా లోపలికి వీస్తుంది. ఆ చల్లని గాలి వేడి నేల మీదికి రాగానే కింది నుంచి మరగడం మొదలై, లోపలికి పోయేకొద్దీ కలగలిసే పొర ఎత్తు పెరుగుతుంది. తీరాన ఎత్తైన గొట్టంలోంచి వచ్చిన పొగ కాసేపు ప్రశాంతంగా పైన పోతుంది. కొన్ని కిలోమీటర్లు పోయాక ఆ పెరిగే పొర దాన్ని అందుకుని ఒక్కసారిగా నేలకు లాగేస్తుంది. అంటే గొట్టం పక్కనున్న కాలనీ బాగుండి, దూరంగా ఉన్న ఊరు దగ్గుతూ ఉండొచ్చు. గాలి నాణ్యత యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఆఫీసు వీలును బట్టి కాక, ఈ పొరను బట్టి తేల్చాలి. జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) ఒక రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. తప్పు చోట పెట్టిన యంత్రం ఆ ప్రమాణాన్ని హాయిగా పాటిస్తూనే ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. లీక్ ఎందుకైందన్నది ఇంజినీర్ల, కోర్టుల విషయం. మా సబ్జెక్టు అడిగేది వేరు: ఏ వేళ? సుమారు మూడు గంటలకు. ఆ వేళ నేల దగ్గరి గాలి రోజు మొత్తంలోకీ స్థిమితంగా ఉంటుంది. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు. లేవదు, నేలను పట్టుకుని పాకుతుంది, మంచాల ఎత్తున. మధ్యాహ్నం సముద్రపు గాలి గట్టిగా వీచే వేళైతే చెదిరిపోవడానికి కొంత అవకాశమైనా ఉండేది. పరిశ్రమ ఉన్న ప్రతి ఊళ్లో రాత్రి గాలి ఎటు పాకుతుందో ముందే లెక్కగట్టి, ఎటు పరుగెత్తాలో జనానికి చెప్పి ఉంచాలి. ఇది చేయగల పిల్లలు మన యూనివర్సిటీల్లోనే తయారవుతున్నారు. వాళ్లను పిలిచి పని అప్పగించాలి.

చదవాలనుకునేవాళ్లకు దారి సూటిగానే ఉంది. డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఆంధ్ర యూనివర్సిటీలో మెటియరాలజీ, ఓషనోగ్రఫీ ఒకే విభాగం. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి ఇక్కడి విద్యార్థులతో బంగాళాఖాతాన్ని కొలిపించాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, కొచ్చిన్‌లో, బెంగళూరు ఐఐఎస్సీలో, ఢిల్లీ ఐఐటీలో ఈ చదువుంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ నిట్టనిలువుగా గాలి కదలికను కొలుస్తుంది. ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఉద్యోగాలు వాతావరణ శాఖలో, ఎయిర్‌ఫోర్స్ మెటియరాలజీ బ్రాంచ్‌లో, సముద్ర సమాచారం అందించే హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లో, వాతావరణ పరిశోధన చేసే పుణె ఐఐటీఎంలో ఉంటాయి. గాలిమరలు, సోలార్ కంపెనీలకు రేపటి గాలి, ఎండ లెక్క కావాలి కాబట్టి అక్కడా. ప్రోగ్రామింగ్ రాకపోతే మాత్రం కష్టం. మోడళ్లలో ఇంకా ఫోర్ట్రాన్ నడుస్తోంది, ఫలితాలు గీయడానికి పైథాన్ కావాలి.

డిసెంబరులో ఒక పొద్దున నేను గీసిన పటం ఇప్పటికీ నా దగ్గరుంది. నేల దగ్గర 21 డిగ్రీలు, 300 మీటర్ల ఎత్తున 24. తలకిందులైన గీత, స్పష్టమైన మూత. ఆ 24 దగ్గర పెన్సిల్ పెట్టి పొడి గీత (కిలోమీటరుకు 9.8 డిగ్రీల లెక్క చూపే గీత) వెంబడి నేలకు దిగితే 27 వచ్చింది. అంటే నేల దగ్గర 27 డిగ్రీలయ్యేదాకా ఈ మూత తెరుచుకోదు. డాబా మీదికి వెళ్లి చూస్తే హార్బర్ వైపు పొగ స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా, కదలకుండా ఉంది. తెల్ల చెక్క తలుపుల పెట్టె దగ్గర నిలబడి ప్రతి పది నిమిషాలకూ థర్మామీటర్ చూశాను. 24. 25. 26. తొమ్మిదీ నలభైకి 27 చూపించింది. మళ్లీ మెట్లెక్కి వెళ్లేసరికి ఆ గీత మధ్యలో ఒక చోట ఉబ్బి, పైకి లేస్తోంది.